మెషీన్‌లో ఎర్రర్ లేదంటే సరిపోదు, ఫొటో చూడండి

ఫొటో ప్రింటర్లు తయారుచేసి అమ్మే కంపెనీల యాజమాన్యాలకు, హైదరాబాద్‌లో వాటి సర్వీస్ సెంటర్లు నడిపేవారికి,

నమస్కారం.

నేను చిక్కడపల్లిలో చిన్న ఫొటో స్టూడియో నడుపుకుంటున్నాను. మీలో ఒకరి దగ్గర కొన్న ఫొటో ప్రింటర్ వారంటీలో ఉండగానే పాడైంది. రిపేర్ల మీద రిపేర్లు చేశారు, కాళ్లరిగేలా తిరిగాను, చివరికి మార్చి కొత్తది ఇచ్చారు. కాబట్టి ఈ లేఖ నా మెషీన్ కోసం రాస్తున్నది కాదు. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. కోఠిలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సామాను కొనేటప్పుడు కలిసే తోటి స్టూడియో వాళ్లను అడిగి చూశాను. కంపెనీలు వేరు, మోడళ్లు వేరు, పడ్డ బాధ మాత్రం ఒక్కటే. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు మా పని ఎలాంటిదో చెప్పాలి. ఫోన్లు వచ్చాక ఫొటో ప్రింట్ ఎవరు వేయించుకుంటారని మీ ఆఫీసుల్లో కూడా అనుకుంటూ ఉండొచ్చు. మా వీధికి వచ్చి చూడండి. పక్కనే అశోక్‌నగర్. గ్రూప్స్‌కు, ఎస్ఐ, కానిస్టేబుల్ పోస్టులకు చదివే పిల్లలతో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు నిండి ఉంటాయి. నోటిఫికేషన్ పడ్డా, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలుపు వచ్చినా పరుగెత్తుకుంటూ మా దగ్గరికే వస్తారు. జూన్‌లో ఇంటర్, డిగ్రీ అడ్మిషన్లు. అమెరికా వెళ్లే పిల్లలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. వీసాకు రెండంగుళాల చదరపు ఫొటో కావాలి, బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా ఉండాలి, కళ్లజోడు తీసేయాలి, గడ్డం నుంచి నడినెత్తి దాకా తల 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్యే ఉండాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌కు పొద్దున వెళ్లాల్సిన పిల్లవాడు రాత్రి తొమ్మిదికి వచ్చి నిలబడితే, రేపు రా నాయనా అనలేం.

ఇక ముహూర్తాలు మొదలైతే ఫంక్షన్ హాళ్లలో లైవ్ ప్రింట్లు. స్టేజీ మీద పెళ్లికూతురితోనో, హాఫ్ శారీ ఫంక్షన్ అమ్మాయితోనో ఫొటో దిగిన చుట్టాలకు భోజనాలు ముగిసేలోపు ఫొటో చేతిలో పెట్టాలి. ఈ పనికి ఇంకు ఆరేదాకా ఆగాల్సిన ప్రింటర్ పనికిరాదు. బయటికి రాగానే తడి లేకుండా, వేలు పెట్టినా చెరగకుండా ఉండాలి. అందుకే అప్పు చేసైనా డై సబ్లిమేషన్ ప్రింటర్ కొంటాం. నేనూ అలాగే కొన్నాను. మెషీన్ మూలకు పడి ఉన్నా ఈఎంఐ మాత్రం నెల నెలా కట్ అవుతూనే ఉంటుంది.

ఆ మెషీన్ ఎలా పనిచేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్లకు తెలియాలి, లేకపోతే మా గొడవ అర్థం కాదు. అందులో ఇంకు ఉండదు. రిబ్బన్ మీద పసుపు, మెజెంటా, సయాన్ రంగులు వరసగా ఉంటాయి, ఆ తర్వాత మెరుపు కోసం, రక్షణ కోసం పైపూత పొర ఉంటుంది. పేపర్ ముందుకూ వెనక్కూ కదులుతూ, వేడెక్కే భాగమైన థర్మల్ హెడ్ కింద నుంచి ఒక్కో రంగుకు ఒక్కోసారి పోతుంది. ఆ హెడ్ వేడికి రిబ్బన్ మీది రంగు పేపర్‌లోకి దిగుతుంది. ఎంత వేడి తగిలితే అంత రంగు. ఆ హెడ్‌లో వేడెక్కే చుక్కలు అంగుళానికి 300 చొప్పున అడ్డంగా వరసలో ఉంటాయి. ఆరంగుళాల వెడల్పుకు 1800 పైచిలుకు. అందులో ఒక్క చుక్క పనిచేయడం మానేస్తే చాలు, పేపర్ కదిలిన దారి వెంట ఆ చివర నుంచి ఈ చివర దాకా వెంట్రుక మందాన తెల్ల గీత పడుతుంది. మూడు రంగులనూ వేసేది ఆ ఒక్క హెడ్డే కాబట్టి మూడూ అక్కడ ఎగిరిపోతాయి, పేపర్ తెలుపే మిగులుతుంది.

నా మెషీన్‌లో పడింది ఆ గీతే.

మొదట కనిపించింది ఒక హాఫ్ శారీ ఫంక్షన్ ఫొటోలో. అమ్మాయి పక్కన నాయనమ్మ కూర్చుంది, ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. గీత ఆమె భుజం మీద మొదలై, చీర మడతల మీదుగా దిగి, ఒళ్లో పెట్టుకున్న చేతి మీద నుంచి కింది అంచు దాకా పోయింది. వెనకాల ఉన్న తెల్ల పూల డెకరేషన్‌లో ఎంత వెతికినా కనిపించదు. ఆకుపచ్చ మీద మాత్రం బ్లేడుతో గీసినట్టు ఉంది. ఆమె మనవడు ఫొటో తీసుకుని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గీసుకపోయినట్టుంది అన్నా, ఇంకోటి తియ్యి" అన్నాడు. ఇంకోటి తీశాను. గీత అక్కడే ఉంది. హాల్లో ఆ పూట తీసిన ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి అంచు కలిపి చూస్తే, అన్నిట్లో గీత సరిగ్గా ఒకే చోట ఉంది.

దుమ్ము పడినా ఇలాంటి గీతే వస్తుంది, నాకు తెలుసు. అందుకని మెషీన్ చల్లారాక, మీ మాన్యువల్‌లో రాసినట్టే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్ తుడిచాను. దుమ్మైతే పోవాలి, లేదా చోటు మారాలి. ఇది పోలేదు, చోటూ మారలేదు. రిబ్బన్ మార్చాను, వేరే పెట్టెలోని పేపర్ ఎక్కించాను. లోపం రిబ్బన్‌లో ఉంటే ఏదో ఒక్క రంగులోనే తేడా వచ్చే అవకాశం ఎక్కువ, లేదంటే ముడత పడ్డట్టు ఐమూలగా మచ్చ వస్తుంది. మూడు రంగులూ ఒకే గీతలో లేకుండా పోవడం, అదీ ప్రతి ఫొటోలో, హెడ్ పాడైందనడానికి ఇంతకంటే గుర్తు ఏం కావాలి? ఈ సంగతి ఫోన్‌లోనే చెప్పాను. కస్టమర్ కేర్ అమ్మాయి ఓపిగ్గా విని టికెట్ నంబరు ఇచ్చింది.

ఇంజినీర్ వచ్చాడు. మంచి కుర్రాడు, పని తెలిసినవాడు. హెడ్ మళ్లీ తుడిచాడు, ల్యాప్‌టాప్ కలిపాడు, టెస్ట్ ప్రింట్ తీశాడు. మీరు పంపే టెస్ట్ ప్రింట్ ఎలా ఉంటుందో ఒకసారి మీరే చూడండి. లేత రంగుల పట్టీలు, మధ్యలో తెల్ల ఖాళీలు, కొంచెం అక్షరాలు. నా మెషీన్‌లో గీత పడే చోట ఆ షీట్‌లో తెల్ల ఖాళీయే ఉంది. తెలుపు మీద తెల్ల గీత ఎవరికి కనిపిస్తుంది? అతను షీట్ చూశాడు, స్క్రీన్ చూశాడు. "అన్నా, మెషీన్ల ఎర్రర్ ఏం చూపిస్తలేదు, టెస్ట్ ప్రింట్ ఓకే ఉంది" అన్నాడు. నేను నాయనమ్మ ఫొటో చేతికిచ్చాను. ట్యూబ్‌లైట్ కింద చాలాసేపు చూశాడు. "గీత ఉంది అన్నా, నాకు కనవడుతుంది. కానీ నేను రిపోర్ట్‌ల రాయాల్సింది కోడ్. కోడ్ లేంది హెడ్ ఇయ్యరు" అన్నాడు. తర్వాత అడిగాడు, "కాల్ క్లోజ్ చేయాలె, ఓటీపీ వచ్చి ఉంటది చూడన్నా."

ఈ ఓటీపీ గురించే నేను మీతో ముఖ్యంగా మాట్లాడాలనుకుంటున్నది.

ఓటీపీ చెబితే మీ కంప్యూటర్‌లో "సమస్య పరిష్కారమైంది" అని పడుతుంది. చెప్పకపోతే ఆ కుర్రాడికి ఆ రోజు లెక్కలో కాల్ పెండింగ్. పైవాళ్ల నుంచి మాట పడేది అతనే. ఎదురుగా నిలబడి, చెమటలు కక్కుతూ పనిచేసిన మనిషిని అలా పంపలేక మాలో చాలామంది చెప్పేస్తారు. రెండు రోజులకు గీత మళ్లీ కనిపించి ఫోన్ చేస్తే కొత్త టికెట్. పాత టికెట్‌కూ దీనికీ సంబంధం ఉండదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, మళ్లీ అదే ప్రశ్న: ప్లగ్ తీసి పెట్టారా? మా దృష్టిలో అది ఒకటే రోగం, మొదటి రోజు నుంచి తగ్గని రోగం. మీ రికార్డులో మాత్రం ఎన్నో చిన్న చిన్న సమస్యలు, అన్నీ బాగైపోయినవే. "ఒకే లోపం పదే పదే వస్తే మెషీన్ మార్చి ఇస్తాం" అని మీలో కొందరి పాలసీలో ఉంది, సంతోషం. కానీ పదే పదే వచ్చినట్టు మీ రికార్డులో ఎప్పటికీ కనిపించకపోతే ఆ మాట ఎవరికి ఉపయోగం? ప్రతి రిపేరూ సఫలమైనట్టే రాసుకునే పద్ధతి ఉన్నంతకాలం ఏ మెషీనూ మార్చాల్సినంత పాడైనట్టు తేలదు.

తర్వాత వచ్చిన కారణాలూ చెప్పాలి. వోల్టేజ్ అన్నారు. మెషీన్ కొన్న రోజు నుంచీ యూపీఎస్ మీదే ఉంది, బిల్లు చూపించాను. దుమ్ము అన్నారు. గది ఏసీ గది. హెడ్ కన్స్యూమబుల్, అంటే రిబ్బన్, పేపర్ లాగా అరిగిపోయే వస్తువు, వారంటీలోకి రాదు అన్నారు. అరిగిపోయే వస్తువైతే అది ఎన్ని ప్రింట్లకు అరగాలో ఒక లెక్క ఉండాలి కదా. ఆ లెక్కకు దరిదాపుల్లోకి కూడా రాకముందే పోయిన హెడ్ అరిగినట్టా, లోపంతో వచ్చినట్టా? కొన్న రోజు ఈ మాట చెప్పినవాళ్లు లేరు. వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉందన్నారు.

వేడి సంగతి కూడా ఇక్కడే అనేయాలి. కొన్ని మోడళ్ల కాగితాల్లో గది వేడి 35 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది. మే నెలలో హైదరాబాద్‌లో పగటి వేడి 40 దాటడం కొత్త కాదు, ఫంక్షన్ హాల్ స్టేజీ పక్కన లైట్ల మధ్య ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ మెషీన్లను "ఈవెంట్లకు ప్రత్యేకం" అనే మీరు అమ్ముతారు. ఈవెంట్ ఎక్కడ జరుగుతుందో తెలిసే అమ్ముతున్నప్పుడు, ఆ 35 సంగతి డెమో ఇచ్చేటప్పుడే నోటితో చెప్పండి.

ఇంకు ప్రింటర్లు వాడేవాళ్ల కష్టం వేరే రకం. ఆరు రంగుల ట్యాంక్ మెషీన్లలో లేత మెజెంటా నాజిల్, అంటే ఆ ఇంకు చిమ్మే సన్న రంధ్రం, కొద్దిగా మూసుకుపోయినా ముఖాల రంగు పాలిపోతుంది. హెడ్ క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ ఇంకు పోతుంది, ఆ పోయిన ఇంకంతా అడుగున ప్యాడ్‌లోకి చేరుతుంది, అది నిండిందని మెషీన్ ఒకరోజు ఆగిపోతుంది. అయినా వాళ్లకు నాజిల్ చెక్ అనే పరీక్ష ఉంది. గళ్లలో ఎక్కడ గీత తెగిందో ఎవరికైనా కనిపిస్తుంది, ఇంజినీర్ కాదనలేడు. డై సబ్లిమేషన్ వాడే మాకు అలాంటి పరీక్ష ఎందుకు లేదు? పెద్ద ఖర్చేం కాదు. పేపర్ నిండా ముదురు బూడిద రంగు ఒక షీట్, నలుపు ఒక షీట్ ప్రింట్ చేస్తే హెడ్‌లో చచ్చిన చుక్క ఒక్కటున్నా బయటపడుతుంది. నేను స్టూడియోలో చేసి చూపించింది అదే. కానీ అది "కంపెనీ టెస్ట్ ప్యాటర్న్ కాదు" కాబట్టి రిపోర్ట్‌కు జతచేయలేమన్నారు.

మా స్నేహితుల్లో ఒకరికి ఇంకో దెబ్బ తగిలింది, నాకు తగల్లేదు గానీ చాలామందికి తగులుతోంది. పెట్టె విప్పిన వెంటనే లోపం కనిపిస్తే వారం, పది రోజుల్లోపు మార్చి ఇస్తామంటారు. ఆ రోజులు బిల్లు తేదీ నుంచి లెక్క. కానీ పెట్టె మేం విప్పకూడదు, విప్పితే వారంటీ పోతుంది, కంపెనీ ఇంజినీరే వచ్చి ఇన్‌స్టాల్ చేయాలి. ఆయన తీరిక చేసుకుని వచ్చేసరికి వారం గడిచిపోతుంది. మొదటి ప్రింట్‌లోనే మచ్చ కనిపించినా "గడువు దాటింది, ఇక రిపేరే" అంటారు. గడువు దాటించింది ఎవరు?

రీప్లేస్‌మెంట్ అడిగితే సర్వీస్ సెంటర్‌లో విన్న మాట ఇంకొకటి ఉంది: "మీ బిల్లు మీద జీఎస్టీ నంబర్ ఉంది, మీరు బిజినెస్ వాళ్లు, వినియోగదారుల చట్టం మీకు రాదు." ఈ మాట విని వెనక్కి తగ్గినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది నిజం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(7) వివరణ చదవండి. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని తాను వాడుకునే వస్తువును వాణిజ్య అవసరం కింద లెక్కించకూడదని స్పష్టంగా ఉంది. అంతకుముందున్న 1986 చట్టంలోనూ ఇదే మాట ఉండేది, 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఉదాహరణలతో విడమరిచింది. ఆటో కొని తానే నడుపుకునే మనిషి, లేత్ మెషీన్ కొని తానే పనిచేసుకునే మనిషి వినియోగదారులే అంది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదనీ అంది. నా స్టూడియోలో కెమెరా పట్టేది నేను, ప్రింట్ తీసేది నేను, సీజన్‌లో సాయానికి మా మేనల్లుడు వస్తాడు. నేను వినియోగదారుణ్ని కాకపోతే ఇంకెవరు? పది బ్రాంచీలున్న పెద్ద ల్యాబ్ సంగతి వేరు కావచ్చు, దాన్నీ నన్నూ ఒకే గాటన కట్టకండి.

నా మెషీన్ చివరికి ఎలా మారిందో చెబుతాను, తోటి స్టూడియో వాళ్లకూ పనికొస్తుంది. పాడైన ప్రింట్లు ఒక్కటీ పారేయలేదు. ప్రతిదాని వెనక తేదీ రాసి, ఆ రోజు సర్వీస్ రిపోర్ట్‌కు పిన్ కొట్టి పెట్టాను. ఓటీపీ చెప్పేముందు రిపోర్ట్ మీద "గీత అలాగే ఉంది" అని నా చేత్తో రాసి, ఇంజినీర్ సంతకం పెట్టించి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. అలా రాయనివ్వని రోజు ఓటీపీ చెప్పలేదు. ఆ కుర్రాడితో మాత్రం, తప్పు నీది కాదు తమ్ముడూ, మీ మేనేజర్‌తో నేను మాట్లాడతానని చెప్పాను. డీలర్‌కు, కంపెనీకి మెయిల్ పెట్టి అన్ని టికెట్ల నంబర్లూ ఒకే మెయిల్‌లో రాశాను. అయినా కదల్లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులో మాట్లాడారు, ఫిర్యాదు రాసుకుని కంపెనీకి పంపారు. కంపెనీలో నిర్ణయం తీసుకునే స్థాయి మనిషి మొదటిసారి నాకు ఫోన్ చేసింది ఆ తర్వాతే.

1915 అనేది కోర్టు కాదు, మాట్లాడి పరిష్కరించే చోటు. అక్కడ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాణ్ని, కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను. వెళ్లాల్సి వస్తే భయపడనక్కర్లేదని మా వాళ్లకు చెబుతున్నాను. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయొచ్చు. వారంటీ కార్డు మీద "వివాదాలు ఫలానా నగరం కోర్టుల పరిధిలోనే" అని అచ్చేసి ఉన్నా, మనం ఉండే చోట, పనిచేసే చోట ఫిర్యాదు చేసే హక్కు ఆ 2019 చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. లోపం ఉందా లేదా అన్నది చూపుకి తేలకపోతే కమిషన్ ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయిస్తుంది. మామూలుగా మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నడిచే కేసులు అంతకంటే ఎక్కువ కాలమే పడుతున్నాయి, అదీ నిజమే. సీజన్ మీద బతికే మాలాంటి వాళ్లు అన్నాళ్లు ఆగలేరనే ధైర్యంతోనే మీలో కొందరు సాగదీస్తున్నారని నా అనుమానం. ఈ అనుమానం తప్పని మీ చేతలతో చూపించండి, నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

రీప్లేస్‌మెంట్ ఒప్పుకున్నాక కూడా పని అయిపోలేదు. వచ్చిన పెట్టె మీద సీల్ టేపు మారి ఉంది. మెషీన్ ఆన్ చేసి, సంతకం పెట్టేముందు లైఫ్ కౌంటర్, అంటే మెషీన్ ఇప్పటిదాకా ఎన్ని ప్రింట్లు తీసిందో చెప్పే లెక్క, చూపించమన్నాను. అంతకుముందే వేలల్లో ప్రింట్లు తీసిన మెషీన్ అది. ఎవరి దగ్గరో పాడైతే బాగుచేసి, తుడిచి, నాకు పంపారు. కొత్త మెషీన్ డబ్బు తీసుకుని వాడిన మెషీన్ చేతిలో పెట్టడం ఏ న్యాయం? లోపం రుజువైతే అదే రకం కొత్త వస్తువు, ఏ లోపమూ లేనిది ఇవ్వాలని ఆదేశించే అధికారం చట్టం సెక్షన్ 39లో కమిషన్‌కు ఇచ్చింది. "కొత్త" అన్న మాట అక్కడ ఊరికే పెట్టలేదు. నేను సంతకం పెట్టలేదు. పెట్టె వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత సీల్ ఉన్నది వచ్చింది, కౌంటర్ సున్నా ఉంది. దాని మీద వారంటీ మాత్రం మొదటి మెషీన్ బిల్లు తేదీ నుంచే లెక్కేశారు. అంటే పాడైన మెషీన్ మీ సర్వీస్ సెంటర్‌లో పడి ఉన్న కాలమంతా నా వారంటీలోంచే పోయింది. దీని గురించి రాసిన మెయిల్‌కు ఇంకా జవాబు లేదు.

ఆ మధ్య కాలమంతా నారాయణగూడలో ఒక స్నేహితుడి ల్యాబ్‌లో ప్రింట్లు తీయించాను. పెన్‌డ్రైవ్ పట్టుకుని బండి మీద వెళ్లడం, రావడం. ముహూర్తం రోజున తన పని ఆపి నా ఫొటోలు ముందు తీసి ఇచ్చాడు. అతని రుణం నేను తీర్చుకుంటాను. కానీ మీ వారంటీ చేయాల్సిన పని అతని మంచితనం చేసింది. మెషీన్ తీసుకెళ్లినప్పుడు తిరిగొచ్చేదాకా వాడుకోవడానికి స్టాండ్‌బై మెషీన్ ఇస్తే ఇది తప్పేది.

మీరెవరూ పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. వాడేసిన రిబ్బన్ మీద రంగు పోయిన చోట ఫొటో అచ్చు మిగిలిపోతుంది. పసుపు, మెజెంటా, సయాన్ మూడింటి మీద మూడుసార్లు. రిబ్బన్ విప్పి వెలుతురుకు పెడితే ముఖం నెగటివ్‌లా గుర్తుపట్టేలా కనిపిస్తుంది. మా దగ్గర ఫొటో దిగిన ప్రతి ఆడపిల్ల ముఖం, ప్రతి పాస్‌పోర్ట్ ఫొటో అందులో ఉన్నట్టే. అందుకే జాగ్రత్తగలవాళ్లు అయిపోయిన రిబ్బన్‌ను చింపి ముక్కలు చేసి పారేస్తారు. సర్వీస్ సెంటర్‌లో మాత్రం "రిబ్బన్, పేపర్ తీయకుండా మెషీన్ పంపండి, పరీక్షించాలి" అంటారు. తీసి పంపితే పరీక్షించలేమంటారు. నేను కొత్త రిబ్బన్ ఎక్కించి పంపాను, ఆ ఖర్చు నాదే. మీ దగ్గరికి వచ్చిన మెషీన్లలోని రిబ్బన్లు ఎక్కడికి పోతున్నాయి, ఎవరు పారేస్తున్నారు, ఎలా? ఈ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు కావాలి. జనం మమ్మల్ని నమ్మి ముఖం చూపిస్తున్నారు, ఆ నమ్మకం మీ గోడౌన్‌లో చెత్తబుట్ట పాలు కాకూడదు.

మేం అడిగేది గొంతెమ్మ కోరికలు కావు. ఇంజినీర్ చేతికి ముదురు బూడిద రంగు టెస్ట్ ప్యాటర్న్ ఇవ్వండి, దాని ప్రింట్‌నూ కస్టమర్ చూపించిన పాడైన ఫొటోనూ రిపోర్ట్‌కు తప్పనిసరిగా జతచేయించండి. మెషీన్ సీరియల్ నంబర్ మీద ఒకటే ఫైలు పెట్టండి. గీత పోయేదాకా అది తెరిచే ఉండాలి, ఓటీపీతో మూతపడకూడదు. ఆ ఇంజినీర్లను రోజుకు ఎన్ని కాల్స్ మూసేశారన్న లెక్కతో కాకుండా, మూసినవి ఎన్ని తిరిగి తెరుచుకోలేదన్న లెక్కతో చూడండి. నాతో నిజం ఒప్పుకున్న ఆ కుర్రాడు దాన్ని రిపోర్ట్‌లో రాయగలిగి ఉంటే నా పని మొదటి వారంలోనే అయిపోయేది. పెట్టె విప్పిన రోజు నుంచే మార్పిడి గడువు లెక్కించండి. మార్చి ఇచ్చేది కొత్తదో, బాగుచేసిందో ముందే రాసివ్వండి. బాగుచేసిందే అయితే తీసుకోవాలా, డబ్బు వెనక్కి అడగాలా అన్నది మాకు వదిలేయండి. మెషీన్ మీ దగ్గర ఉన్న రోజులను వారంటీకి కలపండి.

మార్చి ఇస్తే నష్టమని లెక్కలేసుకుంటున్నారేమో. నాకు తెలిసిన లెక్క ఒకటి చెబుతాను. స్టూడియో వాళ్లం మెషీన్ ఒకసారి కొంటాం, దాని రిబ్బన్, పేపర్ ఏళ్ల తరబడి మీ దగ్గరే కొంటాం. చాలా మెషీన్లలో వేరే కంపెనీది పట్టదు కూడా. ఒక మెషీన్ వెంటనే మార్చి ఇచ్చిన కంపెనీ గురించి కోఠి గుజరాతీ గల్లీలో సాయంత్రానికల్లా మాట్లాడుకుంటారు. మార్చనిదాని గురించీ అంతే.

ఇప్పుడు వనస్థలిపురంలో మా స్నేహితుడి మెషీన్ ఒకటి మీలో ఒకరి సర్వీస్ సెంటర్‌లో ఉంది. నాకు పడ్డ గీతే, నాకు చెప్పిన జవాబే: ఎర్రర్ కోడ్ లేదు. అతనికి శ్రావణంలో ఒప్పుకున్న పెళ్లిళ్లున్నాయి, అడ్వాన్సులు తీసుకున్నాడు. పాడైన ప్రింట్లు, సర్వీస్ రిపోర్టులు, యూపీఎస్ బిల్లు అన్నీ ఫైలు చేసి ఉన్నాయి, నేనే దగ్గరుండి చేయించాను. ఆ ఫైలు ఈ లేఖతో పాటు మీ ఫిర్యాదుల అధికారికి పంపుతున్నాం. దాన్ని తెరిచి, ఫొటోలు లైటు కింద పెట్టి చూసి, శ్రావణం మొదటి ముహూర్తంలోపు అతనికి సీల్ ఉన్న మెషీన్ పంపండి.

ఇట్లు,
చిక్కడపల్లి నుంచి ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్